యాది జారకముందే రైతు వేదికల తలుపులు తీయాలి

ఉమ్మడి వరంగల్ పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్లను చూసే ప్రతి వైద్యుడికీ ఈ ప్రశ్న తెలుసు. బీపీ, షుగర్ చీటీ రాయించుకున్నాక వెంట వచ్చిన కొడుకో కోడలో తలుపు దాకా పోయి, మళ్లీ వెనక్కి వచ్చి గొంతు తగ్గించి అడుగుతారు: ‘మా నాయినకు ఈ నడుమ ఏం యాదికుంటలేదు సార్, ఏమన్న గోళీ ఉంటదా?’ అమెరికాలో మతిమరుపుకు కొత్త ఇంజెక్షన్ వచ్చిందని పేపర్లో పడినప్పుడల్లా జనగామలోనూ మహబూబాబాద్‌లోనూ భూపాలపల్లిలోనూ ఈ ప్రశ్న జోరందుకుంటుంది. దాపరికం లేకుండా చెప్పాలంటే, మతిమరుపు తొలి దశలో ఉన్నవాళ్లకు మనం రాసివ్వగల గోళీ లేదు. అలాగని చేయగలిగింది ఏమీ లేదన్న మాటా నిజం కాదు. ఒంటికి కసరత్తు, బుద్ధికి పని, పదిమందితో కలయిక, చెవికీ కంటికీ సాయం, రక్తపోటు మీద అదుపు అనే అయిదూ కలిసి కొంత మేలు చేస్తాయని గత పదిహేనేళ్ల పరిశోధన చెబుతోంది. ఆ మేలు కొంతే. అయినా ఇవాళ మన చేతిలో ఉన్నవాటిలో అంతకంటే నమ్మదగినది మరొకటి లేదు. చీటీ మీద రాయగలిగిన చికిత్స కాదు కాబట్టి మన ఆరోగ్య వ్యవస్థలో దానికి చోటు దొరకలేదు. అసలు సమస్య ఇదే.

వయసుతో వచ్చే మామూలు మరుపుకూ డిమెన్షియాకూ నడుమ ఒక మెట్టు ఉంది. అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రొనాల్డ్ పీటర్సన్ బృందం 1999లో దాని లక్షణాలను స్పష్టంగా నిర్వచించింది. మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటారు, వైద్యుల వాడుకలో ఎంసీఐ. ఈ మెట్టు మీద ఉన్న మనిషి తన ఈడు వాళ్లకంటే ఎక్కువ మరిచిపోతాడు, చెప్పిందే చెబుతాడు, మాట కోసం తడుముకుంటాడు. కానీ పింఛను తానే తెచ్చుకుంటాడు, బర్రెను కట్టేస్తాడు, బస్సెక్కి బిడ్డ ఇంటికి పోయివస్తాడు. రోజువారీ బతుకు తన చేతుల్లోనే ఉంటుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2018లో క్రోడీకరించిన లెక్కల ప్రకారం 60-64 ఏళ్ల వాళ్లలో 6.7 శాతం మందికి, 80-84 ఏళ్ల వాళ్లలో 25.2 శాతం మందికి ఎంసీఐ ఉంటుంది. ఎంసీఐ ఉన్న 65 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 15 శాతం మంది రెండేళ్లలో డిమెన్షియాలోకి జారతారు. అదే సమయంలో మామూలు స్థితికి తిరిగి వచ్చేవాళ్లూ తక్కువేమీ కాదు. కాబట్టి ఎంసీఐ అనగానే మనిషి పని అయిపోయిందని కుంగిపోవడం ఎంత తప్పో, ముసలితనపు చాదస్తమని కొట్టిపారేయడమూ అంతే తప్పు. ఏ వైపు అడుగు పడుతుందో కొంతవరకు మన చేతిలో ఉండే దశ ఇది ఒక్కటే.

ఇది పట్నం జబ్బు, చదువుకున్నవాళ్ల జబ్బు అనే అపోహ మన ప్రాంతంలో బలంగా ఉంది. లెక్కలు దానికి నేరుగా ఎదురు చెబుతున్నాయి. దేశవ్యాప్తంగా వృద్ధుల మీద జరిగిన లాసీ-డాడ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం 60 దాటిన భారతీయుల్లో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు. పట్టణాల్లో 5.3 శాతమైతే పల్లెల్లో 8.4 శాతం. పురుషుల్లో 5.8 శాతమైతే మహిళల్లో 9 శాతం. మూడు వేల జనాభా ఉన్న ఊళ్లో 60 దాటినవాళ్లు మూడు వందల మంది ఉంటారనుకుంటే, పాతిక మందికి డిమెన్షియా ఉందన్నమాట. దానికి ముందు మెట్టు మీద ఉన్నవాళ్లు అంతకంటే ఎక్కువే ఉంటారు. పల్లె, మహిళ అనే రెండు మాటల వెనుక ఉన్నది బడి. చిన్నప్పటి చదువు మెదడుకు ముసలితనంలో అక్కరకొచ్చే నిల్వ ధాన్యం లాంటిది. 2011 జనాభా లెక్కల్లో జనగామ అక్షరాస్యత 61 శాతం, మహబూబాబాద్‌ది 57 శాతం. అది అన్ని వయసులూ కలిపి తీసిన లెక్క. ఇవాళ డెబ్బై ఏళ్లున్న తండా మహిళల్లో బడి గడప తొక్కినవాళ్లు ఎందరో వేరే చెప్పనక్కర్లేదు.

మందుల సంగతి తేల్చుకుని ముందుకు పోదాం. డిమెన్షియాకు ఎప్పటినుంచో వాడుతున్న డోనెపెజిల్‌ను ఎంసీఐ దశలోనే ఇస్తే ఏమవుతుందో 769 మంది మీద మూడేళ్లు చూశారు. 2005లో వెలువడిన ఆ ఫలితాల్లో మొదటి ఏడాది కనిపించిన తేడా మూడో ఏడాదికి మిగల్లేదు. విటమిన్-ఇ అసలు పనిచేయలేదు. అమెరికాలో 2023లో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్, 2024లో వచ్చిన డొనానెమాబ్ కొత్త తరం మందులు. మెదడులో పేరుకునే అమిలాయిడ్‌ను ఇవి తొలగిస్తాయి. లెకానెమాబ్ 18 నెలల్లో క్షీణత వేగాన్ని 27 శాతం తగ్గించింది. అయితే పోయిన యాదిని అది తిరిగి తేదు. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ముప్పు ఉంది కనుక పదేపదే ఎంఆర్‌ఐ తీయాలి. 2023లో అమెరికాలో దాని ఏడాది ధర 26,500 డాలర్లు. జనాభాలో అత్యధికులకు ప్రభుత్వమే వైద్యం అందించే బ్రిటన్‌లో, ఈ మేలుకు ఈ ఖర్చు తగదని అక్కడి మదింపు సంస్థ నైస్ 2025 ముసాయిదాలో తేల్చింది. ఇక మన మెడికల్ షాపుల్లో అమ్ముడుపోయే జ్ఞాపకశక్తి టానిక్కులు, పొడులు, బహుళ విటమిన్ల మాట. విటమిన్-బి, విటమిన్-ఇ, చేపనూనె మాత్రలను మతి క్షీణించకుండా ఆపేందుకు సిఫారసు చేయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో కచ్చితంగా చెప్పింది. బీ-12 లోపం పరీక్షలో తేలితే అది వేరు, దానికి చికిత్స చేయాల్సిందే. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఆ లోపం సాధారణం.

కసరత్తు పనిచేసిందా, కలయిక పనిచేసిందా?

మందులేని చికిత్సలకు ప్రపంచవ్యాప్తంగా ఊపునిచ్చింది ఫిన్లాండ్. మియా కివిపెల్టో నాయకత్వంలో సాగిన ఫింగర్ అధ్యయనంలో 60 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న, డిమెన్షియా ముప్పు కాస్త ఎక్కువగా ఉన్న 1,260 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు ఆరోగ్య సలహాలిచ్చారు. రెండో జట్టుకు ఆహారం, వ్యాయామం, మెదడుకు సాధన, రక్తపోటు-షుగర్ పర్యవేక్షణ కలిపి అందించారు. 2015లో ప్రచురించిన ఫలితాల్లో రెండో జట్టు బుద్ధి పరీక్షల్లో మెరుగ్గా నిలిచింది. అమెరికాలో 2,111 మందితో జరిగిన పాయింటర్ అధ్యయనం 2025లో వెలువడింది. తరచూ కలిపి, వెంటపడి సాధన చేయించిన జట్టూ, సలహాలిచ్చి సొంతంగా చేసుకొమ్మని వదిలేసిన జట్టూ రెండూ మెరుగుపడ్డాయి. వెంటపడిన జట్టు కాస్త ఎక్కువ మెరుగుపడింది.

వ్యతిరేక ఫలితాలను దాచిపెట్టి వాదిస్తే ఈ రంగానికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. నెదర్లాండ్స్‌లో 3,526 మంది వృద్ధులకు నర్సుల ద్వారా ఆరేళ్లకు పైగా గుండె, రక్తనాళాల ముప్పులు తగ్గించే సేవలందించినా డిమెన్షియా కేసుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫ్రాన్స్‌లో 1,680 మందిపై మూడేళ్లు జరిగిన మాప్ట్ అధ్యయనమూ అలాగే ముగిసింది. ఎంసీఐ ఉన్నవాళ్లకే పరిమితమైన ప్రయోగాల్లో రెండు నాకు ముఖ్యమనిపిస్తాయి. సిడ్నీ విశ్వవిద్యాలయం వంద మందితో ఆరు నెలలు బరువులెత్తే వ్యాయామం చేయించింది. బుద్ధి పరీక్షల్లో మెరుగు కనిపించింది. విచిత్రమేమంటే కంప్యూటర్ సాధనను దానికి జోడిస్తే అదనపు లాభం రాలేదు. అమెరికాలో దాదాపు 300 మందితో జరిగిన ఎగ్జర్ట్ ప్రయోగంలో ఒక జట్టుకు గుండె వేగం పెంచే వ్యాయామం, మరో జట్టుకు ఒళ్లు సాగదీసే తేలికపాటి కదలికలు ఇచ్చారు. ఏడాది తర్వాత రెండు జట్ల మధ్యా తేడా లేదు. కొందరు దీన్ని వ్యాయామం ఓటమిగా రాశారు. నేను వాళ్లతో ఏకీభవించను. ఎందుకంటే ఆ ఏడాదిలో రెండు జట్లూ పెద్దగా దిగజారలేదు. ఎంసీఐ ఉన్నవాళ్లు ఏడాదిలో కొంత దిగజారడమే సాధారణం. రెండు జట్లకూ ఉమ్మడిగా దక్కింది ఒకటే: వారంలో కొన్నిసార్లు ఇల్లు కదిలి, తమ పేరు తెలిసిన శిక్షకుడి దగ్గరికి వెళ్లడం.

కసరత్తూ కలయికా, ఈ రెండింటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం పరిశోధకుడికి అవసరం. విధానం రూపొందించేవాళ్లకు ఆ చిక్కుముడి విప్పేదాకా ఆగాల్సిన పనిలేదు. ఫిన్లాండ్ నుంచి అమెరికా దాకా మేలు కనిపించినచోటల్లా మనుషులను ఒకచోట కూర్చారు, నెలల తరబడి వదలకుండా పట్టుకున్నారు. సలహా చీటీ ఇచ్చి పంపిన చోట మేలు తగ్గింది. మన ఓపీల్లో ఇవాళ జరుగుతున్నది చీటీ ఇచ్చి పంపడమే.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అనే మన మూడు జిల్లాలకు అన్నిటికంటే దగ్గరి పోలిక ఫిన్లాండ్‌లో కాదు, చైనా పల్లెల్లో ఉంది. అక్కడ 326 గ్రామాల్లో, రక్తపోటు అదుపులో లేని దాదాపు 34 వేల మందిపై ఒక ప్రయోగం జరిగింది. సగం గ్రామాల్లో ‘ఊరి డాక్టర్ల’కు శిక్షణ ఇచ్చారు. వీళ్లు ఎంబీబీఎస్‌లు కారు, మన ఏఎన్ఎంకూ ఆర్ఎంపీకీ నడిమి స్థాయి వాళ్లు. చవక మందులు, ఇంటి దగ్గరే బీపీ చూసుకునే మిషన్లు, ఉప్పు-వ్యాయామం మీద సలహాలు అన్నీ వాళ్ల చేతిమీదుగానే అందాయి. నాలుగేళ్లలో ఆ గ్రామాల్లో డిమెన్షియా 15 శాతం, డిమెన్షియా దాకా రాని మతి లోపాలు 16 శాతం తగ్గాయని 2025లో ఫలితాలు వెలువడ్డాయి. బీపీ గోళీలున్నాయి కాబట్టి ఇది మందులేని చికిత్స కాదని అభ్యంతరం చెప్పవచ్చు. నిజమే. కానీ ఆ గోళీలు మన పల్లె దవాఖానాల్లో ఇప్పటికే ఉచితంగా దొరుకుతున్నాయి. దొరకనిది నాలుగేళ్లపాటు వదలని పట్టు. బీపీ గోళీ ‘మంచిగుంది’ అనిపించగానే ఆపేయడం మన ఊళ్లలో ఎంత మామూలో ప్రతి ఆశా కార్యకర్తకూ తెలుసు.

తేదీ తెలియదు, తిథి తెలుసు

చికిత్స కంటే ముందు గుర్తింపు రావాలి. అక్కడే మొదటి ఇబ్బంది. ప్రపంచమంతా వాడే పరీక్షలు బడికి పోయినవాళ్ల కోసం తయారైనవి. కేసముద్రం వైపు నుంచి వచ్చిన, పలక పట్టని ఒక డెబ్బై ఏళ్ల రైతు మహిళ ముందు ఆ కాగితం పెట్టి చూడండి. ఇవాళ తేదీ ఎంత అంటే తెలియదంటుంది. కానీ అమాస పోయి మూడొద్దులైందని చెబుతుంది. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటే మొహం తిప్పుకుంటుంది. అదే ముగ్గురు కూలోళ్లకు ఆరొద్దుల కూలి ఎంతయిందని అడిగితే మిర్చి ఏరినంత సులువుగా లెక్క తేలుస్తుంది. రెండు పంచభుజాలు ఒకదానిపై ఒకటి గీయమంటే పెన్ను పట్టుకోవడమే తెలియని చెయ్యి వణుకుతుంది. ఆ వణుకుకు మార్కులు తగ్గించి మతిమరుపు కింద రాసుకుంటే తప్పు ఆమెది కాదు. దీనికి తిరగేసిన తప్పూ ఉంది. రిటైరైన ఉపాధ్యాయుడు అదే కాగితం మీద నిండు మార్కులు తెచ్చుకుంటాడు. ఇంట్లో మాత్రం నెల రోజులుగా మోటరు ఆన్ చేసి మరిచిపోతున్నాడని భార్యకు తెలుసు.

ఈ ఇబ్బందిని మన పరిశోధకులు ఎప్పుడో గమనించారు. హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని గ్రామీణుల కోసం 1990ల్లోనే ప్రత్యేక పరీక్ష తయారు చేశారు. భారత వైద్య పరిశోధన మండలి అయిదు భాషల్లో రూపొందించిన పరీక్షల పెట్టెలో తెలుగు ఒకటి. కోలార్ జిల్లా శ్రీనివాసపురలో, తెలుగు ఇంటిభాషగా ఉన్న పల్లెల నడుమ, బెంగళూరు ఐఐఎస్సీలోని మెదడు పరిశోధన కేంద్రం వేలమంది గ్రామీణులను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం నడుపుతోంది. అంటే తెలుగు పల్లెల మతిని కొలిచే పనిముట్లు ఉన్నాయి. అవి జనగామ దవాఖానా దాకా రాలేదు. మహబూబాబాద్ తండాల లంబాడీకి, భూపాలపల్లి అడవి పల్లెల కోయకు తగ్గట్టు వాటిని మలచుకోవాలి. మూడు జిల్లాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో మొదలయ్యాయి. వాటి సామాజిక వైద్య విభాగాలకు ఇంతకంటే తగిన పని ఏముంటుంది?

గుర్తించిన వెంటనే చేయాల్సింది, సరిచేయగల కారణాలను వెతకడం. థైరాయిడ్, బీ-12, దిగులు, నిద్రగోళీలు అన్నిచోట్లా ఉండేవే. మన దగ్గర మరొకటి ఉంది, కల్తీ కల్లు. కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్న సంగతి తెలంగాణలో ఏళ్లుగా బయటపడుతూనే ఉంది. రోజూ సాయంత్రం ఆ మత్తు మందు తాగే ముసలాయనకు పొద్దున యాది లేకపోవడంలో వింతేముంది? చిక్కేమంటే హఠాత్తుగా మానిపిస్తే మూర్ఛలు వస్తాయి, మెల్లగా వైద్యుడి కనుసన్నల్లో మాన్పించాలి. ఈ ప్రశ్న అడగకుండా మెదడు స్కానింగ్‌కు హనుమకొండ పంపడం డబ్బు దండగ.

ముప్పు కారణాల విషయానికొస్తే, లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2024 నివేదిక పద్నాలుగింటిని లెక్కించి, వాటిని పూర్తిగా తొలగించగలిగితే ప్రపంచంలో 45 శాతం డిమెన్షియాను నివారించడమో వాయిదా వేయడమో చేయవచ్చంది. కాగితం మీద అది ఏకరువులా కనిపిస్తుంది. ఈ మూడు జిల్లాల్లో ప్రతి కారణానికీ ఒక మనిషి ముఖం ఉంది. వినికిడి లోపం అంటే భూపాలపల్లిలో కేటీకే గనుల డ్రిల్లింగ్ మోతలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయిన సింగరేణి కార్మికుడు. తలకు దెబ్బ అంటే జనగామ పల్లెల్లో తాటిచెట్టు మీది నుంచి జారిపడిన గౌడన్న. ప్రభుత్వం 2024లో ఇవ్వడం మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచాలు నడుములను, ప్రాణాలనే కాదు, ముప్పై ఏళ్ల తర్వాతి జ్ఞాపకాన్నీ కాపాడతాయి. ఒంటరితనం అంటే ఒక కొడుకు ఉప్పల్‌లో, మరో కొడుకు డాలస్‌లో ఉండగా రెండంతస్తుల ఇంట్లో ఒక్కతే టీవీ పెట్టుకు కూర్చున్న అమ్మ.

చెవి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అమెరికాలో 70 దాటిన 977 మందితో జరిగిన అచీవ్ ప్రయోగం 2023లో వెలువడింది. వినికిడి యంత్రాలిచ్చినా మొత్తం మీద బుద్ధి క్షీణతలో తేడా రాలేదు. కానీ ముప్పు ఎక్కువగా ఉన్న వర్గంలో, అంటే వయసు పైబడి, చదువూ ఆదాయమూ తక్కువగా ఉండి, బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో, క్షీణత మూడేళ్లలో 48 శాతం తగ్గింది. ఆ వర్ణన మన గ్రామీణ వృద్ధుడిదే. కేంద్రం 2017లో నెల్లూరులో ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు ఇస్తున్నారు. ఇచ్చిన యంత్రం రెండో నెలలో బ్యాటరీ అయిపోయి బీరువాలోకి చేరితే ఇచ్చి ప్రయోజనం లేదు. పల్లె దవాఖానాలో పారాసిటమాల్ పక్కన ఆ బిళ్ల బ్యాటరీ కూడా ఉండాలి. చెవిలో పెట్టుకోగానే బర్రుమనే శబ్దానికి అలవాటు పడేదాకా నాలుగైదుసార్లు ఓపికగా సరిచేసే మనిషి కావాలి. కంటి విషయంలో తెలంగాణ ఇప్పటికే దారి చూపింది. 2018లో మొదలైన కంటి వెలుగు తొలి విడతలోనే కోటిన్నర మందికి పైగా పరీక్షలు చేసింది. చూపు తగ్గడాన్ని లాన్సెట్ కమిషన్ ముప్పు కారణాల్లో చేర్చింది ఆ తర్వాత ఆరేళ్లకు. మనకు తెలియకుండానే మనం మెదడు ఆరోగ్య కార్యక్రమం ఒకటి నడిపాం. అదే ఒరవడిలో చెవి వెలుగు కూడా రావాలి.

వారానికి రెండు పూటలు

ఇక మనుషులను ఒకచోట కూర్చి ఏం చేయించాలన్న సంగతి. జపాన్‌లోని ఓబు నగరంలో ఉన్న జాతీయ వృద్ధాప్య వైద్య కేంద్రం ‘కాగ్నిసైజ్’ అనే పద్ధతి తయారు చేసింది. అడుగులు వేస్తూ అంకెలు లెక్కపెట్టడం, మూడో లెక్కకు చప్పట్లు కొట్టడం, నడుస్తూ మాటకు మాట అందించడం. కాలికీ బుద్ధికీ ఒకేసారి పని పెట్టడమే దాని కిటుకు. తప్పులు దొర్లాలి, అందరూ నవ్వుకోవాలి, అలవాటైన వెంటనే లెక్క కష్టతరం చేయాలి. ఈ వివరణ చదివిన తెలంగాణ మనిషికి వెంటనే కోలాటం గుర్తుకు రావాలి. ఎడమ అడుగు, కుడి కర్ర, ఎదుటి జత మార్పు, పైన పాట. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ వేసే చప్పట్లు, పురుషుల చిరుతల భజన కూడా ఆ కోవలోవే. న్యూయార్క్‌లో జో వర్గీస్ బృందం 75 దాటిన 469 మందిని గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో చదవడం, బల్ల మీది ఆటలు, వాద్యం, నాట్యం ఉన్నవాళ్లలో డిమెన్షియా తక్కువ కనిపించింది. మతి బాగున్నవాళ్లే నాట్యానికి వెళ్తారు కదా అనే ప్రశ్న దానికి ఉండనే ఉంది. అందుకే కోలాటం దివ్యౌషధమని ప్రచారం చేయడం నాకు ఇష్టం లేదు. దాన్ని పరీక్షకు పెట్టాలి.

ఈ మూడు జిల్లాల నేల మాటను కంఠంలో దాచుకున్న నేల. పాలకుర్తి పక్కన పోతన బమ్మెర. లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం నుంచి ఒగ్గు కథను దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్య. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లె నుంచి చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ తెచ్చిన గడ్డం సమ్మయ్య. అక్షరం రానివాళ్లు రాత్రంతా సాగే కథలను తప్పు లేకుండా నడిపిన చోట, బుద్ధికి సాధన అంటే ట్యాబ్‌లో రంగు బంతులు నొక్కడమే కానక్కర్లేదు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చిన్ననాటి పాట మళ్లీ పాడితే ఆనందం, ఊరట. కొత్త చరణం నేర్చుకుంటేనే కసరత్తు. వామనగుంటలు ఆడితే మంచిదే, ఎదుటివాళ్ల గుంటలో ఎన్ని గింజలున్నాయో చూడకుండా చెప్పమంటే ఇంకా మంచిది. సికింద్రాబాద్ ప్యాసింజర్ ఆగే స్టేషన్లను కాజీపేట నుంచి చెప్పడం జనగామ మనిషికి తేలిక. నడుస్తూ, వెనక నుంచి, ఒకటి వదిలి ఒకటి చెప్పమంటే అప్పుడు తెలుస్తుంది. ఒంటి కసరత్తులో బలం పెంచే భాగం తప్పనిసరి. చేతులు ఊనకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, నీళ్ల సీసాలు ఎత్తడం, గోడ పట్టుకుని మడమలెత్తడం. ‘జీవితమంతా నాగలి పట్టినోడికి కసరత్తెందుకు’ అనే మాట తరచూ వినిపిస్తుంది. నాగలి పట్టింది నలభై ఏళ్ల కింద. ట్రాక్టర్ వచ్చాక, మోకాళ్లు అరిగాక ఆయన చేస్తున్నది మంచం మీద కూర్చోవడమే.

తండాలకు మరో బలం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడికి పోనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. తర్వాత ఇతర దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ దీన్ని సమర్థించలేదు. అయినా ఇంట్లో లంబాడీ, అంగట్లో తెలుగు మాట్లాడే పెద్దమ్మను సమావేశంలో తెలుగులోనే మాట్లాడమని కట్టడి చేయకూడదని చెప్పడానికి ఇది చాలు. ఒక పాట లంబాడీలో, దాని అర్థం తెలుగులో చెప్పించడమే మంచి సాధన.

చోటు వెతుక్కోవాల్సిన పని లేదు. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలున్నాయి. పైకప్పు, ఫ్యాన్లు, మరుగుదొడ్డి ఉన్న హాళ్లు అవి. రైతు శిక్షణ రోజుల్లో తప్ప చాలాచోట్ల ఖాళీగానే ఉంటాయి. వాటిలో వారానికి రెండు పూటలు, గంటన్నర చొప్పున వృద్ధుల సమావేశం నడపాలి. వ్యవసాయ, వైద్య, పంచాయతీరాజ్ శాఖలు ఒక జీవోతో చేయగల పని ఇది. నడిపేదెవరన్నదే అసలు ప్రశ్న. ఆశాల నెత్తిన మరో రిజిస్టర్ పెట్టడానికి నేను ఒప్పుకోను. స్థిర వేతనం కోసం ఏళ్లుగా రోడ్డెక్కుతున్న వాళ్లకు వేతనం లేని పని అప్పగించడం అన్యాయం, పైగా ఆ పని జరగదు. మహిళా సంఘాల్లోని చదువుకున్న యువతులకు పూటకింత అని గౌరవ వేతనమిచ్చి, వైద్య కళాశాలలో రెండు వారాల శిక్షణ ఇవ్వాలి. ఆశా చేయాల్సింది గుర్తించి పంపడం, ఏఎన్ఎం చేయాల్సింది బీపీ చూడటం.

మనం ముదిరిన డిమెన్షియా ఉన్నవాళ్లకే ఏమీ చేయలేకపోతున్నప్పుడు తొలి మెట్టు మీద ఉన్నవాళ్లకు ఖర్చెందుకు అనేది బలమైన అభ్యంతరం. పక్కబట్టలు తడుపుకునే అత్తకు రాత్రంతా కాపలా కాసే కోడలి ముందు నిలబడి కోలాటం గురించి మాట్లాడటం నాకూ కష్టమే. కానీ ఈ రెండూ పోటీ పనులు కావు. గోవాలో 81 కుటుంబాలతో 2008లో ప్రచురితమైన ప్రయోగంలో, శిక్షణ పొందిన మామూలు మనుషులు ఇంటికి వెళ్లి ఇచ్చిన ఆసరాతో చూసుకునేవాళ్ల మానసిక భారం తగ్గింది. రైతు వేదికలో శిక్షణ పొందిన ఆ అమ్మాయే మంచం పట్టిన ఇంటికీ వెళ్లగలదు. ఈ దారిలో కేరళ ‘స్మృతిపథం’ అనే డిమెన్షియా పథకంతో, కర్ణాటక నిమ్హాన్స్ సాయంతో 2022లో మొదలుపెట్టిన మెదడు ఆరోగ్య కార్యక్రమంతో ఎప్పుడో అడుగు వేశాయి.

రెండో అభ్యంతరం ముద్ర గురించి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మన ఊళ్లలో భూమి ధర ఎకరం లక్షల్లోకి పోయాక, ‘ముసలాయనకు మతి లేదు’ అన్న ఒక్క కాగితం పంపకాల తగాదాలో ఆయుధమవుతుంది. ఎంసీఐ ఉన్న మనిషికి తన ఆస్తి మీద నిర్ణయం తీసుకునే శక్తి సాధారణంగా ఉంటుంది. అందుకే గుర్తింపు ఫలితం ఆశా రిజిస్టర్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. సమావేశం ‘మతిమరుపు రోగుల’ పేరుతో ఉండకూడదు. 60 దాటిన ప్రతి ఒక్కరికీ తలుపు తెరిచే ఉండాలి. మతి బాగున్నవాళ్లు పక్కన ఉంటే తడబడేవాళ్లు సిగ్గుపడకుండా వస్తారు. దానితోపాటు గుర్తించిన ప్రతి ఒక్కరికీ తమ పింఛను, పట్టా, బ్యాంకు వ్యవహారాలను తెలివిలో ఉండగానే ఎలా చక్కబెట్టుకోవాలో చెప్పే బాధ్యత వ్యవస్థ తీసుకోవాలి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పోస్టర్ ఆ హాల్లో గోడకు ఉండాలి.

ఫలితం వస్తుందో లేదో మన దగ్గరే కొలవాలి. మొదటి ఏడాది సగం మండలాల్లో, రెండో ఏడాది మిగతా సగంలో సమావేశాలు మొదలుపెడితే, ఎవరినీ వదిలేయకుండానే పోల్చి చూసే వీలు దొరుకుతుంది. ఏ మండలం ముందో చీటీ తీసి నిర్ణయించాలి, ఎమ్మెల్యే సిఫారసుతో కాదు. మూడు వైద్య కళాశాలలు కలిసి కొలవాల్సినవి బుద్ధి పరీక్ష మార్కులు మాత్రమే కాదు. ఎంతమంది ఆరో నెలలో కూడా వస్తున్నారు, ఎంతమంది బీపీ అదుపులో ఉంది, ఎంతమంది కిందపడ్డారు, తానే వెళ్లి పింఛను తెచ్చుకుంటున్నవాళ్లు ఎందరు అనే లెక్కలూ కావాలి. ఫలితం రాకపోతే ఆ సంగతీ ప్రచురించాలి.

రాష్ట్రంలో మొట్టమొదటి రైతు వేదికను 2020 అక్టోబరు 31న జనగామ జిల్లా కొడకండ్లలో ప్రారంభించారు. ఈ పని కూడా అక్కడే మొదలుపెట్టవచ్చు. ఇరవై గట్టి కుర్చీలు, ఒక బీపీ మిషన్, ఇరవై జతల కోలాటం కర్రలు, ఒక డబ్బా చింతపిక్కలు, బిళ్ల బ్యాటరీలు కావాలి. పింఛన్లు పంచే రోజు, సంత రోజు కాకుండా వారంలో రెండు రోజులు ఎంచుకోవాలి. వరినాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు వేళ సాయంత్రానికి మార్చుకోవాలి, ఎందుకంటే ఆ రోజుల్లో మనవళ్లను చూసుకునేది ఈ ముసలివాళ్లే.